ఆలివ్ నూనె మ్యూజియంలో లేనిదల్లా వాసనే

తెలుగులో నూనె అంటే మొదట నువ్వుల నెయ్యే. గ్రీకుల ‘ఎలయియా’ అంటే ఆలివ్. దాని నూనె ‘ఎలయియోన్’. అదే లాటిన్‌లో ‘ఓలియం’ అయి, ఇంగ్లీషుకొచ్చేసరికి ‘ఆయిల్’ అయింది. ఎవరి పంట వాళ్ల నూనెకు పేరు పెట్టింది. పోలిక మాత్రం అక్కడితో సరి. నువ్వులు ఎండు గింజలు, గోతాంలో నెలల తరబడి ఉంటాయి. గానుగాడేటప్పుడు పైన నీళ్లు చిలకరించాలి. ఆలివ్ పండులో సగం దాకా నీరే, కోసిన మర్నాటి నుంచే పాడవడం మొదలవుతుంది. ఆలివ్ నూనె చరిత్రలో సగం ఈ పాడవడం గురించే. మ్యూజియాలు దాన్ని ఎంతవరకు చెబుతున్నాయన్నదే ప్రశ్న.

గ్రీసులో పీరియస్ బ్యాంకు సాంస్కృతిక సంస్థ నడిపే ఆలివ్ నూనె మ్యూజియాలు రెండున్నాయి. 2002లో స్పార్టాలో తెరిచినది పాత విద్యుత్ కంపెనీ భవనంలో ఉంది. శిలాజమైన ఆలివ్ ఆకుల దగ్గర మొదలుపెట్టి, మట్టి పలకల మీది లీనియర్-బి అనే ప్రాచీన గ్రీకు లిపి మీదుగా వేల ఏళ్ల కథ చెబుతుంది. చక్కగానే ఉంటుంది. నా ఓటు మాత్రం లెస్బోస్ దీవిలో, అయా పరస్కేవి ఊళ్లో 2006లో తెరిచిన రెండోదానికి. అది ఊరంతా కలిసి కట్టుకున్న ఉమ్మడి నూనె మిల్లు. లాభాలు ఊరి బడికి వెళ్లాయి. యంత్రాలు ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి పండు వెళ్లిన దారినే మనమూ నడవచ్చు.

ఆవరణలో రైతుల పంట దింపుకునే రాతి గదులున్నాయి. వంతు వచ్చేదాకా కాయలు అందులోనే కుప్పగా పడి ఉండేవి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా నూనె చెడేది ఇక్కడే. నలిగిన కాయలు కుప్పలో వేడెక్కుతాయి, పులుస్తాయి, బూజు పడతాయి. కొవ్వు విరిగి ఆమ్లాలు విడివడతాయి. ఆ తర్వాత ఎంత మంచి రాయితో రుబ్బినా ఆ వాసన పోదు.

లోపల ఆవిరి యంత్రం, పైన ఇరుసులు, తోలు పట్టాలు, వాటితో తిరిగే రాతి చక్రాలు. రుబ్బిన ముద్దను నేత గుడ్డలో పొట్లంలా మడిచి, ఒకదానిమీదొకటి పేర్చి, ప్రెస్ కింద పెట్టి నొక్కేవారు. ఇంకా రావాలంటే పొట్లాల మీద వేడినీళ్లు పోసి మళ్లీ నొక్కడమే. కారిన ద్రవంలో నూనె పైకి తేలుతుంది, నల్లనీరు అడుగున ఉంటుంది. పిప్పి బాయిలర్‌కు ఇంధనం. ఆ గుడ్డల్ని ఎంత ఉతికినా పోగుల్లో నిన్నటి ముద్ద కొంత మిగులుతుంది. అది ముక్కిపోయి ఇవాళ్టి నూనెకు అంటుకుంటుంది.

ఇదంతా చూశాక సీసా మీద ‘రాతి గానుగ, ఫస్ట్ కోల్డ్ ప్రెస్’ అని చదివితే నవ్వొస్తుంది. ఆ మాటకు అర్థం ఉన్నది వేడినీళ్ల రెండో నొక్కుడు ఉన్న రోజుల్లోనే. ఇప్పుడు ఎక్కువ మిల్లుల్లో ప్రెస్సే లేదు. ముద్దను అరగంట, ముప్పావుగంట కలియబెట్టి నూనెను విడదీసే సెంట్రిఫ్యూజ్‌ యంత్రంలో గిర్రున తిప్పుతారు. వేడిని 27 డిగ్రీల లోపే ఉంచితే యూరప్ నిబంధన ప్రకారం దాన్ని ‘కోల్డ్ ఎక్స్‌ట్రాక్షన్’ అనొచ్చు. అన్నిటికన్నా మేలు రకమైన ఎక్స్‌ట్రా వర్జిన్‌లో ఆమ్లత 0.8 శాతం మించకూడదు. 2 శాతం దాటితే అది ‘లంపాంతే’, అంటే దీపానికి పనికొచ్చే నూనె. శుద్ధి చేయకుండా తినడానికి అమ్మకూడదు. పాత మిల్లుల నూనెలో చాలా భాగం ఈ తరగతిదే అయ్యుంటుంది. లెస్బోస్‌లో సబ్బుల పరిశ్రమ అంతగా పెరిగింది ఊరికే కాదు.

రాతి చక్రాలను మెరిపించి దీపాలు పెట్టే మ్యూజియాలు ఈ సంగతి దాటేస్తాయి. సరిచేయడం కష్టమేమీ కాదు. రుచి పరీక్షకులు వాడే నీలిరంగు గ్లాసులు రెండు తీసుకుని, నూనెను 28 డిగ్రీలకు వెచ్చబెడితే చాలు. ఒకదాంట్లో కోసినరోజే ఆడించిన నూనె, రెండోదాంట్లో పదిరోజులు కుప్పపోసిన కాయల నూనె. మూతలు తీసి వాసన చూడనివ్వాలి. పెట్టాల్సిన చోటు కూడా ఆ రాతి గదే.