ఫ్లెక్సీ మీద పాస్‌పోర్టు సైజు కీర్తి

నల్లగొండ గడియారం సెంటర్లో బట్టల దుకాణం ప్రారంభానికి సినిమా తార వస్తున్నదంటే చాలు, నాలుగు దిక్కులా రోడ్లు మూసుకుపోతాయి. దీన్ని వెర్రి అని కొట్టిపారేసే పెద్దమనుషులకు శాస్త్రం తెలియదు. 2005లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కోతులపై చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. దాహంతో ఉన్న మగకోతులు మందలో పెద్దరికమున్న కోతి మొహం చూడడానికి తమకు దక్కే పళ్లరసంలో కొంత వదులుకున్నాయి. హోదా లేని కోతిని చూడమంటే మాత్రం ఎదురు రసం పోయించుకున్నాయి. కోతి వదులుకున్నది గుక్కెడు రసమే. మనవాడు ఒకపూట కూలి, ఒక కాలి చెప్పు వదులుకుని ఇంటికి వస్తాడు. పరిణామక్రమంలో మనం ముందున్నామనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఇంతా చేసి చూసింది ముందువాడు తలపైకెత్తిన ఫోను తెరలో అగ్గిపెట్టెంత తారనే అనుకోండి. అది వేరే సంగతి.

తారలు రోజూ రారు కాబట్టి మిగతా రోజులకు ఫ్లెక్సీ ఉంది. పైన గుండ్రటి చట్రాల్లో పార్టీ పెద్దలు. మధ్యలో నిలువెత్తున చేతులు జోడించిన పుట్టినరోజు నాయకుడు. పక్కనే మళ్లీ ఆయనే, నల్ల కళ్లద్దాలతో, చెవి దగ్గర ఫోనుతో. అడుగున 'శుభాకాంక్షలతో' అంటూ పాస్‌పోర్టు సైజులో పాతిక మొహాలు. పుట్టినరోజు ఎవరిదన్నది ఆ పాతికమందికి ముఖ్యం కాదు. తన ఫొటో పక్కవాడి ఫొటో కన్నా నూలుపోగంత చిన్నదైతే మాత్రం డిజైన్ చేసే కుర్రాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. పై వరుసకూ కింది వరుసకూ నడుమ ఎన్ని జానలన్నదే మా జిల్లాలో కీర్తికి కొలబద్ద. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ బృందం అమెరికా విద్యార్థులను గమనించి, తమ కాలేజీ జట్టు గెలిస్తే 'మేం గెలిచాం' అంటారనీ, ఓడితే 'వాళ్లు ఓడారు' అంటారనీ తేల్చింది. దానికి అంత దూరం పోవడమెందుకు? ఎన్నికల ఫలితాల మర్నాడు మా ఫ్లెక్సీల పై వరుస చూస్తే సరిపోయేది.

కొందరు ఈ మోజు పనికిమాలినదంటారు. వారికి 1996 గుర్తు చేయాలి. తాగునీటిలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోతున్నాయని నల్లగొండ ఏళ్ల తరబడి మొత్తుకుంటే వినేవారు లేకపోయారు. దానికి నిరసనగా జనం పోటీకి దిగడంతో ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది, దేశం తల తిప్పి చూసింది. వంగిన వెన్నెముక వార్త కాలేదు. లావెక్కిన బ్యాలెట్ వార్తయింది.

కనుక కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి వానకు భయపడుతున్న రైతన్నలకు నాదొక్కటే సలహా. అర్జీలు మానండి. తలాకొంత చందా వేసుకుని ఒక తారను పిలిపించి, కుప్ప పక్కన పావుగంట నిలబెట్టండి. గుంతలు పూడతాయి, అధికారులు ముందే వచ్చి కుర్చీలు సర్దుతారు, గోనె సంచులు వాటంతటవే దొరుకుతాయి. వడ్లలో తేమ కొనుగోలుకు హద్దయిన 17 శాతం దాటినా ఆ పూటకు తేమ కొలిచే యంత్రం వంక చూసేవాడుండడు.