రూకీ హోల్డౌట్‌లు డబ్బు పిచ్చేనా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

జూలై వచ్చి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ట్రైనింగ్ క్యాంపులు మొదలయ్యాయంటే చాలు, డాలస్ చుట్టుపక్కల తెలుగు గ్రూపులన్నింటిలో అదే మెసేజ్ తిరగడం మొదలవుతుంది. లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్లు (రూకీలు) కాంట్రాక్టు నచ్చక సంతకం పెట్టకుండా క్యాంపుకు దూరంగా ఉండటాన్ని (హోల్డౌట్) తిట్టే మెసేజ్ అది. ఒకరు పంపితే చదివి వదిలేయొచ్చు. చదివిన ప్రతి ఒక్కరూ "నూటికి నూరుపాళ్లు నిజం" అని రాసి ఇంకో గ్రూపులోకి తోస్తున్నారు. ఫ్రిస్కోలో ఉంటూ, డాలస్ జట్టు కౌబాయ్స్ ప్రాక్టీస్ కేంద్రం ముందు నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు కూడా అదే పని చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది: ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు ఇంకా డబ్బు కావాలని అలిగి ఇంట్లో కూర్చుంటున్నారు. డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఏ నంబరుకు ఎంత అన్నది ముందే ఖాయం కదా, ఇంకేం కావాలి? తప్పు చేయనివాడికి కాంట్రాక్టు షరతులంటే భయమెందుకు? రోజుకు 50 వేల డాలర్లు జరిమానా పడితే దారికొస్తారు. జమార్కస్ రసెల్ ఏమయ్యాడో చూడండి. బ్రాక్ పర్డీ నోరెత్తకుండా ఆడాడు, అదీ సంస్కారం. మన ఐపీఎల్‌లో ఇలాంటి వేషాలు ఉండవు. చివరికి నష్టపోయేది టికెట్ కొన్న అభిమాని.

ముందు జరిమానా సంగతి తేల్చేద్దాం. సంతకం పెట్టని రూకీకి జరిమానా వేయలేరు. కాంట్రాక్టే లేనివాడు ఏ కాంట్రాక్టును ఉల్లంఘించినట్టు? ఆ 50 వేలు సంతకం పెట్టాక క్యాంపుకు రాని సీనియర్లకు.

ఇక డబ్బు. "ఇంకా డబ్బు కావాలంటున్నారు", "డబ్బు ముందే ఖాయం" అనే రెండు మాటలూ ఒకే మెసేజ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నిజం ఎలా అవుతాయి? రాసినవాడు ఆలోచించలేదు సరే, ఫార్వర్డ్ చేసినవాళ్లు కూడా ఆలోచించలేదా? 2010లో మొదటి నంబరు సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 78 మిలియన్ డాలర్లు, అందులో 50 మిలియన్లు గ్యారంటీ, అంటే జట్టు తీసేసినా ఇవ్వాల్సిందే. 2011లో లీగ్‌కూ ప్లేయర్స్ యూనియన్‌కూ మధ్య కొత్త ఉమ్మడి ఒప్పందం వచ్చింది. ఆ ఏడాది మొదటి నంబరు క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది సుమారు 22 మిలియన్లు. అప్పటి నుంచి కాంట్రాక్టు మొత్తం ఎంతన్న దాని మీద రూకీలు బేరమాడేది దాదాపు ఏమీ లేదు. 2009లో మైకేల్ క్రాబ్‌ట్రీ పదో నంబరులో ఎంపికై, ఏడో నంబరు వాడికి ఇచ్చినంత కావాలని అక్టోబరు దాకా ఫోర్టీనైనర్స్ జట్టుకు సంతకం పెట్టలేదు. అలాంటి గొడవ ఇప్పుడు పెట్టుకోవాలన్నా కుదరదు. మెసేజ్ తిడుతున్న కుర్రాడు పదిహేనేళ్ల కిందటివాడు.

మొత్తం ఖాయమైతే మరి గొడవ దేని మీద? రాసిన ఆ డబ్బును క్లబ్ ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, ఎంత ఆలస్యంగా ఇవ్వొచ్చు, ఏ సాకుతో ఎగ్గొట్టొచ్చు అన్న దాని మీద. "తప్పు చేయనివాడికి భయమెందుకు" అనే వాక్యం నాకు మంట పుట్టించేది అందుకే. మిగతావన్నీ తెలియక రాసిన మాటలు అనుకుని వదిలేయొచ్చు, దీన్ని మాత్రం వదలను.

2025 సంగతే తీసుకోండి. సిన్సినాటి బెంగాల్స్ 17వ నంబరులో షెమార్ స్టూవర్ట్‌ను ఎంపిక చేసింది. నాలుగేళ్లకు సుమారు 19 మిలియన్ డాలర్లు, మొత్తం గ్యారంటీ. అంకె మీద తగాదా లేదు. క్లబ్ కొత్తగా పెట్టాలనుకున్న షరతు మీద వచ్చింది తగాదా. ఒక ఏడాది ఆటగాడి వల్ల కాంట్రాక్టు ఉల్లంఘన జరిగిందనుకుంటే, ఆ ఏడాది గ్యారంటీతో పాటు మిగిలిన సంవత్సరాల గ్యారంటీ కూడా ఎగిరిపోతుందని దాని భావం. అంతకుముందు ఏడాది అదే క్లబ్ మొదటి రౌండులో తీసుకున్న అమారియస్ మిమ్స్ కాంట్రాక్టులో ఈ మాట లేదు. "నిన్నటివాడికి లేనిది నాకెందుకు" అని స్టూవర్ట్ వర్గం అడిగింది. జూలై చివరి వారం దాకా సంతకం కాలేదు. ఇందులో అత్యాశ ఎక్కడుందో చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

"ఉల్లంఘన అంటే నేరమే కదా, నేరం చేయకపోతే సరి" అంటారు మీరు. కాదు. 2018లో చికాగో బేర్స్ ఎనిమిదో నంబరులో తీసుకున్న రోక్వాన్ స్మిత్ కేసు చూడండి. తల వంచి హెల్మెట్‌తో ఢీకొట్టకూడదన్న కొత్త నిబంధనను లీగ్ ఆ ఏడాదే తెచ్చింది. దాన్ని ఎంత కఠినంగా అమలు చేస్తారో, ఎవరిని సస్పెండ్ చేస్తారో రిఫరీలకే స్పష్టంగా తెలియని రోజులవి. స్మిత్ లైన్‌బ్యాకర్. పరిగెత్తుకొచ్చేవాణ్ని ఢీకొట్టి పడేయడమే అతని ఉద్యోగం. మైదానంలో తన పని తాను చేస్తూ సస్పెండ్ అయితే గ్యారంటీ డబ్బు పోకూడదని రాసివ్వమన్నాడు. దాదాపు నెల రోజుల క్యాంపు పోయాక, ఆగస్టు మధ్యలో రెండు వైపులా సర్దుకుని సంతకాలు చేశారు. ఇందులో నేరం ఎక్కడుంది? అరెస్టు ఎక్కడుంది? అర సెకనులో తల ఎటు వంగిందన్న దానికి నాలుగేళ్ల జీతాన్ని ముడిపెట్టొద్దని అడగడం తప్పు చేసే ఉద్దేశమా?

మన హైదరాబాదులో కాలేజీ నుంచి బయటికొచ్చిన ఫ్రెషర్ చేతిలో ఆఫర్ లెటర్‌తో పాటు సర్వీస్ బాండ్ పెడతారు. మధ్యలో మానేస్తే లక్షలు కట్టాలని అందులో ఉంటుంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టి తరవాత తలపట్టుకున్న తమ్ముళ్లు, బావమరుదులు మన గ్రూపుల్లోనే ఉన్నారు. "ముందే చదువుకోవద్దా" అని వాళ్లను తిట్టింది కూడా మనమే. ఇక్కడ ఒక కుర్రాడు ఏజెంటును పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వాక్యం చదివి, ఇది నచ్చలేదని చెబితే అతన్నీ తిడుతున్నాం. చదవనివాడూ తప్పే, చదివినవాడూ తప్పేనా? ఓనర్ల తరఫున వాదించడానికి వాళ్లకు జీతాలిచ్చి పెట్టుకున్న లాయర్లు చాలా మందే ఉన్నారు. మనం కూడా ఎందుకు?

సంతకం పెట్టాక అడగొచ్చు కదా అంటే, అడగలేడు. డ్రాఫ్ట్ అయిన ఆటగాడి మొదటి కాంట్రాక్టును మూడో సీజన్ పూర్తయ్యే దాకా తిరగరాయకూడదని ఉమ్మడి ఒప్పందంలోనే ఉంది. సగటు కెరీర్ మూడేళ్లకు కాస్త పైన అని ప్లేయర్స్ యూనియన్ ఎప్పటి నుంచో చెబుతోంది. అంటే చాలా మందికి రెండోసారి అడిగే రోజే రాదు. చేతిలో కాస్త పట్టు ఉండేది సంతకానికి ముందున్న ఆ కొన్ని వారాలే. అప్పుడు కూడా ఇంకో క్లబ్‌తో మాట్లాడే వీలు లేదు. హక్కులన్నీ ఎంపిక చేసినవాళ్లవే. అతను చేయగలిగింది క్యాంపుకు వెళ్లకపోవడం ఒక్కటే.

పర్డీ గురించి ఇంత భక్తిగా రాసేవాళ్లు ఈ నిబంధన తెలిసే రాస్తున్నారా? 2022లో 262వ నంబరు, డ్రాఫ్ట్‌లో ఆఖరివాడు. 2023లో 8 లక్షల 70 వేల డాలర్ల జీతంతో, ఫోర్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ దాడిని నడిపేవాడు) జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. నోరెత్తలేదు, నిజమే. మూడో సీజన్ అయ్యేదాకా క్లబ్ ఇస్తానన్నా కొత్త కాంట్రాక్టు చెల్లదు. క్యాంపు మానేస్తే రూకీ కాంట్రాక్టులో ఉన్నవాడికి రోజుకు 40 వేలు జరిమానా. 22 రోజుల్లో ఏడాది జీతం హరించుకుపోతుంది. మూడు సీజన్లు పూర్తయ్యాయి, 2025 మేలో ఐదేళ్లకు 265 మిలియన్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. అతను మంచివాడే. కానీ తలుపుకు తాళం వేసి, లోపలివాడు బయటికి రాలేదని అతని సంస్కారాన్ని పొగడటం నాకు నచ్చదు.

రసెల్ ఉదాహరణ పాతది. 2007లో రెయిడర్స్‌తో సెప్టెంబరు దాకా సంతకం పెట్టలేదు, సీజన్ మొదలయ్యాక వచ్చాడు, 2010లో తీసేశారు. కానీ హోల్డౌట్ చేసిన ప్రతివాడూ రసెల్ అవుతాడా? 2016లో మూడో నంబరు జోయి బోసా సంగతి ఎందుకు రాయరు? చార్జర్స్ అతని సైనింగ్ బోనస్‌లో కొంత భాగాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేస్తామంది. దానితో పాటు ఆఫ్‌సెట్ కూడా కావాలంది. అంటే తాము తీసేశాక ఇంకో క్లబ్ ఇచ్చే జీతాన్ని తమ బాకీలోంచి మినహాయించుకుంటారన్నమాట. రెండూ కుదరవు, ఒకటే ఒప్పుకుంటానన్నాడు బోసా. క్లబ్ ఏకంగా పత్రికా ప్రకటన ఇచ్చి తన ఆఫర్‌ను వెనక్కి తీసుకుంది. ఆగస్టు 29న సంతకాలయ్యాయి. ఆ సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడి 10.5 సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతన్ని పడగొట్టడం) సాధించాడు, డిఫెన్స్‌లో ఉత్తమ రూకీ అయ్యాడు. పైన చెప్పిన రోక్వాన్ స్మిత్ అయితే తన మొట్టమొదటి స్నాప్‌లోనే (బంతి ఆటలోకి వచ్చిన మొదటిసారే) క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు.

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, మెసేజ్ రాసినవాడికి ఇది తట్టకపోయినా సరే. బోసా 12 మ్యాచ్‌లే ఆడాడు, ఎందుకంటే మొదటి నాలుగూ తొడ కండరం పట్టేసి కూర్చున్నాడు. స్మిత్‌కు కూడా వచ్చిన కొద్ది రోజులకే అదే చోట నొప్పి మొదలైంది. ఇంటి దగ్గర ఎంత కసరత్తు చేసినా క్యాంపు వేగం వేరు. ఆలస్యంగా దిగినవాడి ఒళ్లు దానికి తట్టుకోకపోవడం వింత కాదు. కొన్నిసార్లు ఏ షరతు కోసం పోట్లాడారో ఆ షరతు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అవసరం పడదు. నెల రోజుల ప్రాక్టీసు మాత్రం తిరిగి రాదు. నా తమ్ముడే ఆ స్థానంలో ఉండి సలహా అడిగితే, ఆఫ్‌సెట్ లాంటి దాని మీద క్యాంపు వదులుకోవద్దనే చెబుతాను. గ్యారంటీ మొత్తం ఎగిరిపోయే షరతైతే మాత్రం కదలొద్దంటాను.

ఐపీఎల్ పోలిక చూసి ఏమనాలో తెలియలేదు. అక్కడ ఆటగాడు తనంతట తాను వేలంలో పేరు ఇస్తాడు, కనీస ధర తానే చెబుతాడు, జట్లు పోటీపడి పాట పాడతాయి. ఇక్కడ ఒక క్లబ్ పేరు పిలుస్తుంది, ధర ముందే రాసి ఉంటుంది, పోటీ లేదు. రెండింటినీ ఒక గాటన కట్టడం ఎలా? పైగా ఐపీఎల్‌లో ఎవరూ వెనక్కి తగ్గరన్న మాటే తప్పు. వేలంలో అమ్ముడుపోయాక సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండేళ్ల నిషేధం అని నిబంధనే పెట్టుకున్నారు. ఢిల్లీ క్యాపిటల్స్ 6.25 కోట్లకు కొన్న హ్యారీ బ్రూక్ మీద 2025లో అది పడింది కూడా.

అభిమాని టికెట్ డబ్బు గురించి ఒక్క ముక్క చాలు. 2011 తర్వాత రూకీ హోల్డౌట్‌ల వల్ల పోయినవి చాలావరకు ప్రాక్టీసులు, ప్రీసీజన్ ఆటలు (లెక్కలోకి రాని సన్నాహక మ్యాచ్‌లు). ప్రీసీజన్ మ్యాచ్‌కు మీరు ఎంత పెట్టి టికెట్ కొన్నారో గ్రూపులో చెప్పండి.

మెసేజ్‌లో అసలు లేని విషయం ఒకటి చెప్పి ఆపేస్తాను. 2025లో హ్యూస్టన్ టెక్సన్స్ 34వ నంబరు జేడెన్ హిగిన్స్‌కు మొత్తం గ్యారంటీ ఇచ్చింది. రెండో రౌండు ఆటగాడికి అలా ఇవ్వడం అదే మొదటిసారి. వెంటనే 33వ నంబరు కార్సన్ ష్వెసింజర్‌కు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా ఇవ్వక తప్పలేదు. రెండో రౌండులో మిగిలిన 30 మందీ జూలై దాకా సంతకం పెట్టకుండా ఆగారు. ఒకరు తొందరపడితే అందరికీ దెబ్బ అని వాళ్లకు తెలుసు. 40వ నంబరు టైలర్ షాఫ్‌కు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ పూర్తి గ్యారంటీ ఒప్పుకున్నాక వరసగా సంతకాలు మొదలయ్యాయి. అందరికీ పూర్తిగా దక్కలేదు, కానీ రెండో రౌండులో పూర్తి గ్యారంటీ ఎవరిదాకా అన్న గీత కిందికి జరిగింది. ఈ ఉమ్మడి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంటుంది. అప్పటిదాకా ప్రతి జూలైలో జరిగే పోరు ఈ గీత మీద, ఆ షరతుల మీదే. వచ్చే ఏడాది ఈ మెసేజ్ మళ్లీ పంపాలనిపిస్తే, ఆ కుర్రాడు ఏ షరతు దగ్గర ఆగాడో కూడా కింద రాసి పంపండి.