కయాక్ కన్నా మన గుమ్మానికే ఖర్చెక్కువ

న్యూజెర్సీ నుంచి సియాటిల్‌కి ఇల్లు మారుతున్న మనవాళ్లు సామానంతా సర్దేసి, గరాజ్‌లోని కయాక్ దగ్గరికొచ్చి ఆగిపోతారు. పన్నెండడుగుల ప్లాస్టిక్ పడవ, బరువు చూస్తే యాభై అరవై పౌండ్లే. కానీ యూపీఎస్ అయినా, ఫెడెక్స్ గ్రౌండ్ అయినా పార్సిల్ పొడవు 108 అంగుళాలు దాటితే తీసుకోవు. ఇది 144. ఫ్రైట్ కంపెనీకి ఫోన్ చేస్తే చెప్పే రేటు చారాణా కోడికి బారాణా మసాలా.

ఆ రేటుని విడదీసి చూడమంటాను నేను. ఇంటికొచ్చి ఎక్కించుకున్నందుకు ఒక చార్జీ, అక్కడ ఇంటి దగ్గర దింపినందుకు ఇంకోటి, లిఫ్ట్‌గేట్ (సరుకుని కిందకి దించే వెనక పలక) ఉన్న ట్రక్కు కావాలంటే మరోటి. టెర్మినల్ (ఆ కంపెనీ సరుకు డిపో) నుంచి టెర్మినల్‌కి పంపుతామని, మనమే తెచ్చి మనమే తీసుకెళ్తామని చెబితే ఇవన్నీ ఎగిరిపోతాయి. పొడుగు సరుకుకి వేసే అదనపు చార్జీ మాత్రం ఉంటుంది. అది ఎన్ని అడుగుల నుంచి మొదలవుతుందో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నాలుగు చోట్ల అడగాలి. టీవీ కొనడానికి పది సైట్లు వెతికే మనం దీనికి ఒక్క కొటేషన్‌తో ఎందుకు సరిపెట్టుకుంటామో నాకర్థం కాదు.

ప్యాకింగ్‌లో మాత్రం పిసినారితనం వద్దు. తెడ్లూ, ఊడొచ్చే సీటూ విడిగా పెట్టుకోండి. రెండు కొసలకీ మందపాటి ఫోమ్ చుట్టి, పైన అట్ట వేసి టేపుతో బిగించండి. దెబ్బ ఎక్కువగా తగిలేది అక్కడే. తీసుకునేటప్పుడు టెర్మినల్లోనే విప్పి చూడండి, పగులుంటే రసీదు మీద రాశాకే సంతకం పెట్టండి. ఊరికే సంతకం చేసి ఇంటికొచ్చాక క్లెయిమ్ అంటే తలనొప్పే. పైగా వాడిన సరుకుకి వాళ్లిచ్చే పరిహారం తరచూ చిల్లరే.

అమ్మేసి అక్కడ కొనుక్కోవచ్చుగా అంటారు. చవకరకం పడవైతే నేనూ అదే అంటాను. మన ఒంటికి తగ్గట్టు సర్దుకున్న మంచి సీ కయాక్ విషయంలో ఆ సలహా కుదరదు.

ఎలాగూ కారులోనే వెళ్తుంటే పైన కట్టుకోవడం అన్నిటికన్నా చవక. కాకపోతే ఐ-90 హైవే మీద మోంటానా, ఐడహో, వాషింగ్టన్‌లలో తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే ఇంజిన్ లేని పడవైనా ఆపి చూపించాల్సిందే. పడవలకి అంటుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకే క్వాగా ఆల్చిప్పల భయమే దీనికి కారణం. 2023లో ఐడహోలోని స్నేక్ నదిలోనూ అవి బయటపడ్డాయి. బయల్దేరేముందే కడిగి, లోపలి నీళ్లు వంచేసి, ఎండలో ఆరబెట్టి ఎక్కించండి.