సవరణ: గ్రాట్యుటీ లెక్కలో 30 కాదు, 26

వరంగల్, రామగుండం వైపు కంపెనీల్లో ఏళ్లకేళ్లు చేసి దిగిపోయేవాళ్లకు సర్వీసు ఏళ్లను బట్టి కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు, అంటే గ్రాట్యుటీ మీద మొన్న పెట్టిన పోస్టులో, నెల జీతాన్ని 30తో భాగించి 15తో గుణించాలని ఉంది. భాగించాల్సింది 26తో, ఆదివారాలు తీసేసిన లెక్క అది. చట్టం ప్రకారం గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 20 లక్షలని అందులో రాసింది సరైనదే.

చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26,000, సర్వీసు 22 ఏళ్ల 7 నెలలు అనుకోండి. ఆరు నెలలు దాటింది కాబట్టి 23 ఏళ్ల కింద పట్టాలి. 26,000ను 26తో భాగించి 15తో, మళ్లీ 23తో గుణిస్తే 3,45,000. అదే 30తో భాగించి, పై 7 నెలలు వదిలేస్తే 2,86,000. అంటే 59,000 గాల్లో కలిసినట్టే.

దిగిపోయేటప్పుడు బాకీల లెక్క తేల్చి ఇచ్చే సెటిల్‌మెంట్ కాగితంలో ముందు జాయినింగ్ తేదీ చూడండి. అనుబంధ సంస్థకు మార్చేటప్పుడు కొన్ని పెద్ద కంపెనీలు రాజీనామా రాయించుకుంటాయి. కొత్త ఆర్డర్‌లో పాత సర్వీసు కొనసాగుతుందన్న ముక్క ఉండదు. ఇరవై ఏళ్ల చాకిరీ అక్కడే తెగుతుంది, అదీ మన సంతకంతోనే. పాత అపాయింట్‌మెంట్ ఆర్డర్, పేస్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ఉంటేనే వాదన నిలుస్తుంది.

దిగిపోయాక 30 రోజుల్లో గ్రాట్యుటీ ఇవ్వకపోతే కంపెనీ వడ్డీతో కట్టాలి. ఫిర్యాదు మామూలుగా రాష్ట్ర కార్మిక శాఖకు. సింగరేణి గనులవాళ్లు, వేరే రాష్ట్రాల్లోనూ బ్రాంచీలున్న కంపెనీలవాళ్లు మాత్రం కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గరికే పోవాలి.