సవరణ: పొద్దుతిరుగుడు పూత మీద మందు సాయంత్రమే

పొద్దుతిరుగుడు సాగు గురించిన కిందటి పోస్టులో "పూత దశలో మందు ఉదయం కొట్టాలి" అని పడింది. "సాయంత్రం" అని చదువుకోండి. తేనెటీగలు పువ్వుల మీద జోరుగా తిరిగేది ఉదయం పూటే. అప్పుడు పురుగుమందు పడితే ఈగలు చస్తాయి, పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి చేరక గింజలు తాలు పోతాయి. అసలు తప్పనిసరైతే తప్ప పూతలో మందు జోలికి పోకండి.

గింజ బాగా కట్టడానికి పువ్వులను చేతితో రుద్దడం ఎలాగని చాలామంది అడిగారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసు ఇదీ: ఉదయం 9–11 గంటల మధ్య, రోజు విడిచి రోజు, అరచేతికి పలుచని మెత్తని గుడ్డ చుట్టుకుని పువ్వు ముఖం మీద మెల్లగా రుద్దాలి. గుడ్డకు పచ్చగా అంటిన పుప్పొడే పక్క పువ్వుకు చేరుతుంది. ఇది ఈగలు తక్కువున్న చేలకు. వీలైతే ఎకరాకు 2 తేనెపెట్టెలు పెట్టుకోండి, అదే మేలు.