అత్తమ్మ ఫోన్లో ఏ బ్రౌజర్ ఉండాలి?

ఈసారి ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక మన సంఘం ఐటీ కమిటీ పెట్టిన బ్రౌజర్ల చర్చ చాలామందికి నచ్చింది. స్లైడ్లు బాగున్నాయి, ఎవరూ కునుకు తీయలేదు. కానీ మధ్యలో ఒకాయన మన సభ్యుల్లోనే ఒకరి అత్తగారు తిరుమల గదుల కోసం నకిలీ సైట్లో డబ్బు కట్టిన సంగతి ఎత్తి, "కొండెక్కకుండానే గుండు కొట్టించుకున్నారు" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. పేరు చెప్పలేదు నిజమే, కానీ ఎవరో అందరికీ తెలుసు. ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారు. ఆవిడది చిత్తూరు. మాది తిరుపతి, కొర్లగుంట. నాకైతే నవ్వు రాలేదు.

జోకు సంగతి పక్కన పెడదాం. "ఆవిడ బ్రేవ్ బ్రౌజర్ వాడి ఉంటే ఇలా జరిగేదే కాదు" అని కూడా సెలవిచ్చారాయన. నా పేచీ అక్కడ.

పులిహోర లైన్లో ఆవిడనే అడిగాను. గూగుల్లో తిరుమల రూమ్స్ అని వెతికారట. అన్నిటికన్నా పైన వచ్చినదాన్ని నొక్కారు. గోపురం బొమ్మ ఉంది, నామాలున్నాయి, తాళం గుర్తూ ఉంది. "పైన ఉండేదే అసలుది అనుకున్నా నాయనా" అన్నారు. పైన ఉన్నది ప్రకటన. డబ్బిచ్చి పైన కూర్చుంది. పోనీ ఇంటికి తెలిసిన చిరునామా చూసి పోల్చుకుందామంటే, టీటీడీ అసలు సైటు పేరే 2024లో మారింది. తిరుపతి బాలాజీ పేరుతో ఉన్నది పోయి టీటీదేవస్థానమ్స్ వచ్చింది. నకిలీ సైట్ల మీద దేవస్థానం వాళ్ళే ఎన్నోసార్లు పోలీసు కేసులు పెట్టారు. ఒకటి మూయిస్తే ఇంకొకటి పుట్టుకొస్తోంది.

తాళం గుర్తు ఉంటే చాలు, భయం లేదని మనమే పదేళ్ళ కిందట మన పెద్దవాళ్ళకి నేర్పాం. మన ఫోనుకీ ఆ సైటుకీ మధ్య నడిచే మాటలు మూడోవాడు వినలేడన్నదే దాని అర్థం. అవతల కూర్చున్నవాడు దొంగా దొరా అన్నది అది చెప్పదు. ఆ తాళం రావాలంటే సైటుకి ఒక సర్టిఫికెట్ ఉండాలి. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వచ్చాక ఆ సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో, ఎవరికైనా దొరుకుతోంది. అందుకే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది. మనం మాత్రం నేర్పిన పాఠాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు బ్రేవ్ సంగతి. ప్రకటనలు ఆపడానికి అందులో ఉన్న షీల్డ్స్‌ని అది ముందుగా పెట్టి ఇచ్చే స్థాయి స్టాండర్డ్. బయటి సైట్ల నుంచి వచ్చే ప్రకటనల్నీ, మనం ఎక్కడెక్కడ తిరిగామో గమనించే ట్రాకర్లనీ అది బాగానే ఆపుతుంది. గూగుల్ తన వెతుకులాట పేజీలో తానే వేసుకునే ప్రకటన జోలికి మామూలుగా పోదు. అది కూడా పోవాలంటే అగ్రెసివ్‌కి మార్చాలి. ఆ మాట స్లైడ్లలో లేదు. క్రిప్టో కరెన్సీ సైటు బినాన్స్ చిరునామా టైపు చేస్తే తన కమిషన్ కోడ్ తగిలిస్తూ బ్రేవ్ 2020లో దొరికిపోయి క్షమాపణ చెప్పిన సంగతీ లేదు. ఇక ప్రమాదకరమైన సైట్ల జాబితా అంటారా, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ అన్నీ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ మీదే ఆధారపడ్డాయి. నిన్న రాత్రి పుట్టిన నకిలీ సైటు ఈ పొద్దుటికి ఆ జాబితాలోకి ఎక్కి ఉంటుందన్న నమ్మకం లేదు.

న్యాయంగా చెప్పాలంటే క్రోమ్ గట్టిది. ఒక సైటు కోడ్ ఇంకో సైటు గుట్టు చదవకుండా విడివిడి గదుల్లో పెట్టే సైట్ ఐసొలేషన్‌ని అది కంప్యూటర్లలో 2018లోనే తెచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కి 2021 దాకా పట్టింది. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, రేణిగుంటలో ఆఫీసున్న మన జోహో వాళ్ళ ఉలా, అన్నీ క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం ఇంజన్ మీద కట్టినవే. ఐఫోన్‌లోనైతే, యూరప్, జపాన్ వాళ్ళని మినహాయిస్తే, ఏ పేరు పెట్టుకున్నా లోపల సఫారీ ఇంజనే. అంతా ఒకేదాన్ని నమ్ముకుంటే వచ్చే తంటా 2014లో మన దేశమే చూపించింది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ పేర్లతో అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. ఎవరిచ్చే సర్టిఫికెట్లని నమ్మాలో చెప్పే విండోస్ జాబితాను నమ్ముకున్న బ్రౌజర్లకి అప్పుడు ముప్పు. ఫైర్‌ఫాక్స్ తన సొంత జాబితా పెట్టుకుంది కాబట్టి ఆ గొడవ దానికి అంటలేదు. ఆ ఫైర్‌ఫాక్స్ తినే తిండిలో ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చే డబ్బే అనుకోండి, అది వేరే కథ.

క్వాలిటీ అంటే వేగం ఒక్కటేనా? 2018లో జ్ఞా అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లో యాప్‌లు కూలిపోయాయి. మనకి నవ్వులాట, వాట్సాప్ నిండా అదే. నా లెక్కలో మన లిపిని సరిగ్గా చూపించని సాఫ్ట్‌వేర్‌కి మార్కులు తగ్గించాల్సిందే.

మా ఊరి అలవాట్లని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉంది. ఫోన్ నంబరు గడిలో 9 కొట్టగానే, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న నంబర్లతో సగం తిరుపతి కిందికి దిగింది. ఆధార్ నంబర్లు, పుట్టినతేదీలు కూడా అంతే. అందరికీ ఒకటే క్రోమ్, అందరూ సెంటర్ కుర్రాడికే ఓటీపీ చెబుతారు. తప్పే. కానీ 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా వదిలే రోజున ఆ కుర్రాడు పొద్దున్నే షట్టరెత్తి, ఇరవై రూపాయలు తీసుకుని, కళ్ళు కనపడని ముసలాయనకి ఓపిగ్గా టికెట్ తీసిస్తాడు. ఇక్కడి నుంచి మనం చేసేదేమిటి? "అమ్మా, అది డౌన్‌లోడ్ చేసుకో" అని వాయిస్ మెసేజ్.

మా చిన్నాయన ఫోను చూస్తే గుండె ఆగినంత పనైంది. "మీ ఫోన్లో వైరస్" అని గంటగంటకీ నోటిఫికేషన్లు. ఏదో సినిమా కబుర్ల సైటు అనుమతి అడిగితే అలౌ నొక్కారు. ఎందుకు నొక్కావు చిన్నాయనా అంటే, "అడిగింది, సరే అన్నా. నోరు తెరిచి అడిగినోళ్ళకి లేదనేదెట్టప్పా?" అన్నారు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ వేసి, అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, టీటీడీ సైటుని హోమ్ స్క్రీన్ మీదికి తెచ్చి, నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. మర్నాడు కాఫీ తాగుతూ సణుగుడు: "ఆ బంగారం రేటు డబ్బా ఏమైపోయింది?" అదీ ప్రకటనే మరి. అది లేకపోతే పేజీ బోసిగా ఉందట. ఇప్పటికీ ఆ లోటు చెబుతూనే ఉంటారు కానీ, వైరస్ భయం మాత్రం పోయింది.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే ఉండవు. కంప్యూటర్ క్రోమ్‌లోనూ అసలు యూబ్లాక్ ఆరిజిన్‌ని ఆపేశారు, దాంట్లో మిగిలింది లైట్ అనే తేలిక రూపం ఒక్కటే. పైన వచ్చిందే అసలుది అనుకునే మనిషికి ముందు చేయాల్సింది ఆ పైన వచ్చేదాన్ని తీసేయడం. అందుకని పెద్దవాళ్ళ ఆండ్రాయిడ్ ఫోన్లకి నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే, సైట్ ఐసొలేషన్‌ని ఆలస్యంగా తెచ్చిందని తెలిసీ.

అయితే ఏ బ్రౌజరైనా సరే, పక్కన కూర్చుని పెట్టించేవాళ్ళు కావాలి. ఐటీ కమిటీకి నా మనవి అదే. వచ్చే చర్చా వేదిక మానేసి ఒక శనివారం మధ్యాహ్నం హాలు తీసుకోండి. వేసవికి దిగే అమ్మానాన్నల్ని, అత్తమామల్ని ఫోన్లతో రమ్మనండి. ఒక్కొక్కరి పక్కనా ఒకరు కూర్చుని ప్రకటనలు ఆపి, అక్కర్లేని అనుమతులు తీసేసి, టీటీడీ, బ్యాంకు, రైల్వే సైట్లని వాళ్ళ చేతే బుక్‌మార్క్ చేయించండి. జోకు వేసినాయన్ని చిత్తూరు అత్తమ్మ పక్కన కూర్చోబెట్టండి. తిరుపతి, చిత్తూరు వాళ్ళం మేం కొందరం ఇప్పుడే పేర్లు ఇస్తున్నాం. మే నెల లోపు తేదీ చెబితే ఊరి నుంచి వచ్చేవాళ్ళకి ముందే కబురు పెట్టుకుంటాం.