చట్టంలో రాసిన రేవు ఏమైంది?

పాత నెల్లూరు జిల్లాలోని వాకాడు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, రొయ్యల గుంటల పక్కన ఇప్పటికీ అక్కడక్కడా హద్దురాళ్లు కనబడతాయి. పసుపు రంగు వెలిసిపోయింది, కొన్ని ఒరిగిపోయాయి, కొన్నింటి చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి. అక్కడి దుగరాజపట్నంలో పోర్టు వస్తుందని 2014 తర్వాత వేసిన ప్లాట్ల హద్దులు అవి. పోయినసారి అటు వెళ్లినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఒక మాట అడిగాడు. "పేపర్లో వస్తే నమ్మలేదబ్బయ్యా, నాయకులు చెప్తే నమ్మలేదు. చట్టంలోనే రాశారంటే కొన్నా. చట్టంలో రాసింది కూడా జరగదా?"

నేను టీ తాగేసి వచ్చేశాను గానీ ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2014లో రాష్ట్రాన్ని విడదీసిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్, అంటే చట్టం చివర జతచేసిన పనుల జాబితా, తీసి చూడండి. దుగరాజపట్నంలో కొత్త మేజర్ పోర్టును (కేంద్రం అజమాయిషీలో ఉండే రేవును) భారత ప్రభుత్వం అభివృద్ధి చేయాలి, మొదటి దశ 2018 ఆఖరుకల్లా పూర్తి కావాలి అని ఉంటుంది. ఓపిగ్గా చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. కడప ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరకొచ్చేసరికి సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలి అని రాశారు. రిఫైనరీ దగ్గరా అదే మాట, విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడార్ దగ్గరా అదే మాట. పరిశీలించాలి అంటే ఒక కమిటీ వేసి, చూసి, కుదరదని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. మన పోర్టు దగ్గర మాత్రం ఆ మాట లేదు. "అభివృద్ధి చేయాలి" అని ఉంది, పైగా గడువు వేసి మరీ ఉంది. అంత గట్టి మాట రాయించుకుని కూడా మనకు దక్కింది ఆ హద్దురాళ్లే.

తర్వాత ఏమైందో నెల్లూరులో అందరికీ తెలుసు. పైన కృష్ణపట్నం ఉంది, కింద ఎన్నూరు, చెన్నై ఉన్నాయి, గిట్టుబాటు కాదు అన్నారు. రాకెట్లు ఎగరేసే శ్రీహరికోట అక్కడికి కూతవేటు దూరంలో ఉండనే ఉంది. వేరే చోటు చూపించండి అని కేంద్రం రాష్ట్రాన్ని అడిగింది. అప్పటి ప్రకాశం జిల్లాలోని రామాయపట్నం ముందుకొచ్చింది. దానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జూలైలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. కానీ అది రాష్ట్రం తన తంటాలు తాను పడి కట్టుకుంటున్న పోర్టు, చట్టం ప్రకారం కేంద్రం కట్టాల్సిన మేజర్ పోర్టు బాకీ అలాగే ఉంది.

సరే, గిట్టుబాటు కాదన్నది నిజమే అనుకుందాం. అప్పుడు చేయాల్సింది ఏమిటి? సభ ముందుకు వచ్చి, ఇదిగో కారణం అని చెప్పి, షెడ్యూల్‌ను సవరించాలి. పార్లమెంటు రాసిన మాటను కొట్టేసే హక్కు పార్లమెంటుకే ఉంటుంది. అంతేగానీ ఒక మంత్రిత్వ శాఖ సభకిచ్చే జవాబులో నాలుగు వాక్యాలు రాసి చట్టాన్ని పక్కన పెట్టేస్తే దాన్ని చట్టబద్ధ పాలన అనడానికి నాకు నోరు రాదు.

అసలు రోగం ఆ చట్టం పుట్టిన రోజునే ఉందని నా నమ్మకం. 2014 ఫిబ్రవరి 18, మంగళవారం. మా ఇంట్లో పక్కింటివాళ్లతో కలిపి పదిమందిమి టీవీ ముందు కూర్చున్నాం. ఉన్నట్టుండి లోక్‌సభ ప్రసారం ఆగిపోయింది. మా బాబాయి రిమోట్ తీసుకుని ఛానెళ్లు మార్చి మార్చి చూస్తున్నాడు, పక్కింటాయన కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి గట్టిగా అరుస్తున్నాడు. కేబుల్ బాగానే ఉంది. ఆగింది ఢిల్లీలో. సాంకేతిక లోపం అని తర్వాత చెప్పారు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి రాష్ట్రం రెండైంది, బిల్లు మూజువాణి ఓటుతో, అంటే ఓట్లు లెక్కపెట్టకుండా నోటి కేకలతోనే, పాసైపోయింది. విభజన మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు, తెలంగాణ ప్రజల ఆకాంక్ష న్యాయమైనదే. కోట్ల మంది బతుకులను మార్చే చట్టం మీద క్లాజు క్లాజుకూ చర్చ ఎందుకు జరగలేదు అన్నదే నా బాధ. ఆ రోజు సభ సజావుగా నడిచి ఉంటే ఒక్క సభ్యుడైనా లేచి అడిగేవాడు కదా: దుగరాజపట్నానికి అంతరిక్ష శాఖ ఒప్పుకుందా, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, 2018 దాటితే ఎవరు జవాబుదారీ? ఆ మూడు ప్రశ్నలు ఆ రోజే పడి ఉంటే షెడ్యూల్‌లో నిలబడే మాటైనా ఉండేది, లేదా ఆ వాక్యమే ఉండేది కాదు, పెద్దాయన డబ్బు ఆయన దగ్గరే ఉండేది.

తప్పు ఒక్క ప్రభుత్వానిదే అనడం కూడా అన్యాయం. అంతకు ఐదు రోజుల ముందు, ఫిబ్రవరి 13న, అదే సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది మన తెలుగు ఎంపీయే. ఎంపీలు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ బయటికి పరిగెత్తడం దేశమంతా చూసింది. మన గొంతు వినబడలేదని ఏడ్చిన మనమే, వినిపించే చోటును పాడు చేసుకున్నాం. అందుకు మనసు ఇప్పటికీ మండుతుంది.

సభలో సభ్యుడు ఏం మాట్లాడినా కోర్టుకు లాగలేరని రాజ్యాంగం 105వ అధికరణం చెబుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ స్వేచ్ఛ రాజ్యాంగానికీ సభా నియమాలకూ లోబడి ఉంటుందని కూడా అదే అధికరణంలో ఉంది. లంచం తీసుకుని మాట్లాడినా, ఓటేసినా ఈ రక్షణ వర్తించదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది కూడా. కానీ నియమాల సంగతి వేరు. సభ తన పద్ధతి తానే తప్పితే, ఆ ఒక్క కారణం మీద కోర్టులు జోక్యం చేసుకోకూడదని 122వ అధికరణం అంటుంది. అంటే అక్కడ చట్టాన్ని కాపాడాల్సింది సభాపతి, సభ్యులు, ఇంకెవరూ లేరు. మూజువాణి ఓటును సభ్యులు ఒప్పుకోకపోతే ఓట్లు లెక్కపెట్టాలి, ఇది నియమం. 2020 సెప్టెంబర్‌లో వ్యవసాయ బిల్లుల మీద రాజ్యసభలో డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగినా గందరగోళం పేరు చెప్పి మూజువాణితోనే ముగించారు. పార్టీ మారింది, పద్ధతి మారలేదు. గొడవ ఎంత పెరిగితే ప్రభుత్వానికి అంత సుఖం అన్న పరిస్థితి వచ్చింది.

ఇక ప్రత్యేక హోదా. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఐదేళ్లు హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రకటించారు, పదేళ్లు కావాలని మన చవటపాలెం బిడ్డ వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. ఆ మాటను సవరణగా బిల్లులో పెడితే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఆ లోక్‌సభకు మిగిలింది ఒక్కరోజు. అందుకని నోటిమాటగానే ఉండిపోయింది. 2016లో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. పోర్టేమో చట్టంలో ఉండీ రాలేదు, హోదా సభలో చెప్పీ రాలేదు. నోటిమాటకు సభలో విలువ లేదా అంటే ఉంది. మంత్రులిచ్చిన హామీలను వెంటాడటానికి ఉభయ సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి. "పరిశీలిస్తాం" అన్నా హామీ కిందే రాసుకుంటారు, మూడు నెలల్లో నెరవేర్చాలి. అయితే ఆ కమిటీ నివేదిక ఇస్తుంది, అంతే, మెడలు వంచి చేయించలేదు.

ఒంగోలు వైపు వాళ్లకు నేను వేరే గుర్తు చేయాల్సిన పని లేదు. 1954 నవంబర్‌లో కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తుపాకీకి రొమ్ము చూపించిన మనిషి, రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. లెక్క తేలాక దిగిపోయాడు. ఆ రోజు ఓట్లు లెక్కపెట్టారు కాబట్టే ఆ ఒక్క ఓటుకు విలువ వచ్చింది.

చట్టం 93వ సెక్షన్ 13వ షెడ్యూల్ పనులకు పదేళ్ల గడువు పెట్టింది. 2024 జూన్ 2తో అది అయిపోయింది. ఇప్పుడు దుగరాజపట్నంలో ఓడల తయారీ కేంద్రం అంటున్నారు, వస్తే సంతోషమే, మా పిల్లలకు పనులు దొరుకుతాయి. కానీ పాత బాకీ సంగతి తేలాలి. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి ఎంపీలు ముగ్గురూ కలిసి ఒక్క ప్రశ్న వేస్తే చాలు: ఆ వాక్యం చట్టంలో ఇంకా ఉందా, ఉంటే ఎప్పుడు కడతారు, లేదంటే ఏ రోజు, ఎవరి ఓటుతో తీసేశారు? దానికి వచ్చే జవాబు సభ రికార్డుల్లోకి ఎక్కిన రోజు, ప్రింట్ తీసుకుని వాకాడు వెళ్లి ఆ పెద్దాయన చేతిలో పెడతాను.